నేల కింద ఏముందో ఎవరు చెప్పాలి?

కేశవ్ దేవ్ మాలవీయ పేరు చమురు రంగంలో ఉన్నవాళ్లకు తప్ప ఇవాళ పెద్దగా ఎవరికీ గుర్తులేదు. నెహ్రూ మంత్రివర్గంలో సహజ వనరులు, ఆ తరువాత గనులు, చమురు చూసిన ఆయన విధానాన్ని 'స్వదేశీ చమురు' అని ఒక్క ముక్కలో తేల్చేయడం మామూలే. ఆ కొలతతో చూస్తే ఆయన ఓడినట్టే లెక్క. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా ఇప్పటికీ దిగుమతే. నా దృష్టిలో ఆయన సాధించింది వేరొకటి. మన నేల అడుగున ఏముందో మనమే వెతికి తెలుసుకునే శక్తిని ఆయన ఈ దేశానికి సంపాదించిపెట్టాడు.

1950ల మొదట్లో చమురు బావులంటే అస్సాం ఒక్కటే. బొంబాయిలో రెండు, విశాఖపట్నంలో ఒకటి, మొత్తం మూడు రిఫైనరీలు కట్టడానికి బర్మా-షెల్, స్టాన్‌వాక్, కాల్టెక్స్‌లతో కుదిరిన ఒప్పందాల ప్రకారం ముడి చమురు ఎక్కడ కొనాలో ఆ కంపెనీల ఇష్టం. కొనేది తమ మాతృసంస్థల దగ్గరే. అమ్మేవాడూ కొనేవాడూ ఒకడే అయినప్పుడు ధర గురించి అడిగే నాథుడెవరు? అన్వేషణలోనూ వాళ్ల మాటే చెల్లేది. మాలవీయ ఇక్కడ అడ్డు తగిలాడు. 1956లో చమురు, సహజవాయు కమిషన్ ఏర్పడింది. సోవియట్ నిపుణులు వచ్చి పటాలు గీశారు, మనవాళ్లకు పని నేర్పారు. 1958లో ఖంభాత్‌లో, 1960లో అంకలేశ్వర్‌లో చమురు పడింది. అదే 1960లో సోవియట్ యూనియన్ ముడి చమురును తక్కువ ధరకు ఇస్తానంటే శుద్ధి చేయబోమని కంపెనీలు మొండికేశాయి. అయినా ఆ బేరం చూపించేసరికి తమ ధరలు కొంత దించక తప్పలేదు.

పడమటి వాళ్లను వదిలి రష్యావాళ్లను పట్టుకోవడం స్వావలంబన ఎలా అవుతుందన్నది పాత ఆక్షేపణ. అందులో కొంత నిజముంది. కాకపోతే సోవియట్లు రిగ్గులిచ్చారు, అప్పిచ్చారు, పని నేర్పారు గానీ దొరికిన చమురులో వాటా అడగలేదు. రెండో ఆక్షేపణకు ఇంత తేలికగా జవాబు చెప్పలేం. ఒరిస్సా గనుల వ్యాపారితో ముడిపడిన ఎన్నికల విరాళం వ్యవహారంలో మాలవీయ 1963లో రాజీనామా చేశాడు. గనుల శాఖను గుప్పిట్లో పెట్టుకున్న మంత్రి గని యజమాని నుంచి పార్టీకి డబ్బు అడగడం ఆయన ఒక్కడి బలహీనతగా కొట్టిపారేయదగింది కాదు. ఆ విధానంలోనే ఆ కంత ఉంది. ఇక నేర్చిన పని సంపూర్ణమా అంటే కోనసీమ ఒప్పుకోదు. 1995లో అక్కడి పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. ఆర్పడానికి విదేశీ నిపుణులను రప్పించాల్సి వచ్చింది.

అయితే ఈ లోపాలేవీ మూలవాదాన్ని కొట్టేయవు. బొంబాయి తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో చమురు ఉండదగిన నిర్మాణాన్ని 1960ల మధ్యలోనే సోవియట్ సర్వే నౌక సాయంతో ఆ కమిషన్ గుర్తించింది. తవ్వడానికి దాదాపు పదేళ్లు పట్టింది. అరబ్ దేశాల చమురు ధర నాలుగింతలైన కొద్ది వారాలకే, 1974 ఫిబ్రవరిలో, సాగర్ సామ్రాట్ రిగ్గు అక్కడ చమురు పైకి తెచ్చింది. అదే బాంబే హై. ఈ దేశంలో ఇప్పటిదాకా దొరికిన చమురు క్షేత్రాలన్నిటిలోకీ పెద్దది.