తూము కాడ మేనేజ్‌మెంటు

మేనేజ్‌మెంటు పాఠ్యపుస్తకం ఏది తెరిచినా మొదట్లోనే ఇద్దరు కనపడతారు. 1911లో 'శాస్త్రీయ నిర్వహణ సూత్రాలు' రాసిన అమెరికన్ ఫ్రెడరిక్ టేలర్ ఒకరు. 1916లో 14 సూత్రాలు చెప్పిన ఫ్రెంచి గని ఇంజనీరు హెన్రీ ఫేయోల్ ఇంకొకరు. ముందుచూపు, ఏర్పాటు, ఆజ్ఞ, సమన్వయం, అదుపు - నిర్వహణ అంటే ఈ అయిదు పనులన్నాడు ఫేయోల్. మరి ములుగు చెరువుల కింద ఈ పనులు చేసిందెవరు? మా ప్రశ్న ఇదే.

పాలంపేట రామప్ప గుడి శాసనం 1213 నాటిది. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు చరిత్రకెక్కింది. 2021లో యునెస్కో గుర్తింపుతో ప్రపంచమంతా పాకింది. మంచిదే. కానీ రామప్ప చెరువు, లక్నవరం, ఊరూరి కుంటలు ఇన్ని వందల ఏళ్లు పొలాలు తడిపింది రాజులు కట్టించినందుకేనా? కట్టడం ఒక్కసారి పని. నడపడం ఏటేటా పని.

తెలంగాణ ఊళ్లలో ఆ నడిపే పని నీరటిది. చాలా ఊళ్లలో నీరటి అంటే మాల, మాదిగ కుటుంబాల మనిషే. తూము ఎప్పుడు తెరవాలె, ఏ మడికి ముందు, ఏ మడికి వెనక, కాలువ చివరి పొలానికి నీళ్లందినయా లేదా, వానరాత్రి కట్ట ఎక్కడ కారుతున్నది - ఇవన్నీ ఆయనే చూసుకునేవాడు. నీళ్లు తక్కువైన ఏడు ఎవరికి వాళ్లు కాలువ తిప్పుకుంటే కొట్లాటే. అందుకే తూము మీద చెయ్యి ఒక్కటే ఉండాలని ఊరు ఒప్పుకున్నది. ఫేయోల్ సమన్వయం అన్నది దీన్నే.

అట్లని నీరటిని పొగిడి ఊరుకుంటే చరిత్రకు ద్రోహం. ఆయన కూలి కల్లం కాడ కొలిచే మేర గింజలు. ఆ పని ఆయన ఎంచుకున్నది కాదు, పుట్టుకతో మెడకు పడ్డది. ఊరి పొలాలన్నిటికీ నీళ్లు పంచినవాడు ఊరి బావిలో చేద వేయలేడు. దొర మడికే ముందు పారాలంటే కాదనలేడు. అధికారం, బాధ్యత కలిసే ఉండాలన్నది ఫేయోల్ సూత్రాల్లో ఒకటి. కులం ఆ రెండింటినీ విడగొట్టింది. బాధ్యత వాడకిచ్చింది, అధికారం గడికిచ్చింది. ఆలోచన ఆఫీసుది, పని కార్మికుడిదని టేలర్ గీత గీశాడు. ఇక్కడ ఆలోచనా పనీ రెండూ నీరటివే. అయినా ఆయన తెలివికి తెలివన్న పేరు దక్కలేదు. కులం శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అని అంబేద్కర్ 1936లోనే తేల్చిచెప్పాడు.

ఇది గడిచిపోయిన కథ కాదు. 1997లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. చెరువు నిర్వహణ ప్రజలదే అన్నది. ఓటు మాత్రం ఆయకట్టులో భూమి ఉన్నోళ్లకు, సాగు చేసేవాళ్లకు. తరతరాలుగా తూము కాసి, గుంటెడు భూమి లేని నీరటికి ఓటెక్కడ? నీరటి, మస్కూరి పేర్లతో ఊరి చాకిరీ చేసిన కుటుంబాల వాళ్లు ఎందరో చివరికి గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసి, వాళ్లను వేరువేరు శాఖల్లో సర్దింది. మేర పోయి జీతం రావడం న్యాయమే. అయితే చెరువు గురించి వాళ్లకు తెలిసిన సంగతులు ఏ శాఖ ఫైల్లో చేరాయి?

మా వాదన ఒక్కటే. నిర్వహణ చరిత్ర రాసేవాళ్లు తూము కాడి నుంచి మొదలుపెట్టాలె. చెరువును నడిపినోళ్లకు చెరువు మీద నిర్ణయంలో, భూమి లేకున్నా, వాటా ఉండాలె. బాధ్యత మోసినోళ్లకు అధికారం ఇవ్వమనడం మేనేజ్‌మెంటులో మొదటి పాఠమే కదా.