పరామితి పుట్టుక

వంట తీరు ఒకటే. వండునది నలుగురికా, నలుబదిమందికా అన్నది మాత్రము ఆ పూట చెప్పవలసిన మాట. గణకయంత్రపు ప్రోగ్రాములో ఇట్లు పనివేళ అందించు విలువను స్వీకరించుటకు ముందే ఏర్పరచిన చోటు పరామితి.

1949 మే 6న కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ యంత్రము తొలి ప్రోగ్రామును నడిపినది. వర్గమూలము కట్టుట వంటి పనులకు ఉపప్రోగ్రాములను కాగితపు టేపులపై రంధ్రములుగా భద్రపరచిరి. అయితే పని అదే అయినను సంఖ్య ప్రతిసారి మారును గదా! డేవిడ్ వీలర్ చేసిన ఏర్పాటులో, పిలుపు ఆదేశములను అనుసరించియే ఆ వివరములను ఉంచుటకు వీలు కలిగినది.

1960లో ఆల్గాల్ భాష మరొక ప్రశ్నను తేల్చినది. అందించునది విలువయా, పేరా? విలువ ఇచ్చినచో ఉపప్రోగ్రాము నకలుతో పనిచేయును, అసలు చెక్కుచెదరదు. పేరు ఇచ్చినచో అసలే మారవచ్చును.

1967లో నార్వే దేశీయులు డాల్, నైగార్డ్‌లు సిములా 67 భాషలో దత్తాంశములను, వాటిపై జరుగు పనులను ఒకే వస్తువుగా కూర్చిరి. ఆ పనులకే తరువాత పద్ధతులు అను పేరు వాడుకలోనికి వచ్చినది. బ్యాంకు ఖాతాను వస్తువనుకొనుడు. తన నిల్వ అది తానే ఎరుగును. 'జమచేయి' అను పద్ధతికి 500 అని అందించిన చాలును. వస్తువు ఎరిగినదేది, బయటినుండి చెప్పవలసినదేది అని విడదీయుటయే ఇందలి నేర్పు.