స్క్విడ్ సిరా, నాడి రహస్యం
శేరిలింగంపల్లికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా ఇక్కడి కళాశాలలో నాడీస్పందన పాఠం చెప్పేటప్పుడు స్క్విడ్ పేరు తలవక తప్పదు. విశాఖ రేవులో వలలకు చిక్కే ఈ మెత్తని జీవికీ, మన నాడులకూ సంబంధ మేమిటి?

బెదిరిన స్క్విడ్ దేహకోశాన్ని గట్టిగా ముడిచి, నీటిని చిమ్ముతూ దూసుకుపోతుంది; వెంట నల్లని సిరా వదులుతుంది. సిరాలో మెలనిన్ రేణువులు, జిగురు ఉంటాయి. దేహకోశపు కండరాలకు ఆజ్ఞ చేర్చే తంతువు సాధారణంగా అర మిల్లీమీటరు లావుంటుంది. అది నాడీతంతువేనని 1936లో జె. జెడ్. యంగ్ వెల్లడించాడు. 1939లో ఇంగ్లండులోని ప్లిమత్ తీరాన హాడ్జ్‌కిన్, హక్స్‌లీ దానిలోనికి సన్నని ఎలక్ట్రోడును చొప్పించి విద్యుత్ మార్పును కొలిచారు. యుద్ధంవల్ల ఆగిన ఆ కృషి 1952లో సిద్ధాంతరూపం దాల్చింది. 1963లో ఎకిల్స్‌తోపాటు వారికి నోబెల్ బహుమానం లభించింది.

అయితే స్క్విడ్‌ను ప్రాణంతో తేవడం సులభం కాదు. వల రాపిడికి చర్మం చెడుతుంది. చిన్న తొట్టిలో సిరా వదిలితే అది మొప్పలకు అడ్డుపడి, ఊపిరాడదు. కనుక దానిని నీటితో సహా ఎత్తాలి. సిరా కలిసిన నీటిని వెంటనే మార్చాలి. కోసేటప్పుడు సిరాతిత్తి చిట్లకుండా తీసివేయాలి. అందుచేతనే ప్రయోగశాల సముద్రం చెంతకు వెళ్ళవలసి వచ్చింది.

శత్రువునుండి తప్పించుకొనడానికి ఏర్పడిన నాడి, మానవునికి తన నాడుల గుట్టును తెలిపింది.