గద్వాల, వనపర్తి జిల్లాలలో వాట్సాప్ వదంతులు (2018)

పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే వదంతులు 2018లో తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పల్లెలలో వాట్సాప్ ద్వారా వ్యాపించాయి.

పోలీసు చర్యలు

అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి సుమారు 400 గ్రామాలకు పోలీసులను పంపి, డప్పులతో, పాటలతో ప్రజలకు అవగాహన కల్పించారు. పోలీసులు స్థానిక వాట్సాప్ గ్రూపులలోనూ చేరారు. ఆమె పరిధిలో ఈ వదంతుల వలన ఎవరూ మరణించలేదు.

గోప్యత, చట్టం

2016లో పూర్తిస్థాయి ఎన్‌క్రిప్షన్ వచ్చినప్పటి నుండి వాట్సాప్ సందేశాలను పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు. అందువలన వదంతిని మొదట పంపినవారిని కనుగొనడం కష్టం. 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం, తీవ్రమైన నేరాలలో న్యాయస్థానం లేదా అధీకృత అధికారి ఆదేశిస్తే ఆ వివరం తెలపాలి. ఇందుకు ప్రతి సందేశపు జాడను భద్రపరచవలసి వస్తుందని, 2017లో సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కుగా గుర్తించిన గోప్యతకు అది భంగమని వాదిస్తూ వాట్సాప్ 2021లో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది.