ఉత్తరాల చదరంగంలో మనిషి మిగిలాడా?

మా ఉదయగిరి దుర్గాన్ని కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడిస్తే గానీ 1514లో చేతికి రాలేదు. ఉత్తరాల చదరంగం కూడా అలాంటి నిదానపు యుద్ధమే. ఉదయగిరి వాడు ఒక ఎత్తు కార్డు మీద రాసి ఆత్మకూరుకి పోస్టు చేశాడనుకోండి, జవాబు వచ్చేదాకా బోర్డు కదలదు. ఆలోచించుకోడానికి కావలసినంత టైము.

ఈ ఆటలో 1968లో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు హాన్స్ బెర్లినర్. తమాషా ఏంటంటే, మన కాటూరు రాజ్ రెడ్డి గారు పనిచేసిన కార్నెగీ మెలన్‌లోనే ఆయన హైటెక్ అనే చెస్ యంత్రం తయారుచేశాడు. 1988లో అది గ్రాండ్‌మాస్టర్ ఆర్నాల్డ్ డెంకర్‌ని మ్యాచ్‌లో ఓడించింది. 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ మూలాలు కూడా అక్కడివే.

ఇప్పుడు కార్డులు పోయి సర్వర్లు వచ్చాయి. ఇంజిన్ వాడుకోవడం అంతర్జాతీయ సమాఖ్య ఆటల్లో తప్పు కాదు. దాంతో పెద్ద పోటీల్లో చాలామటుకు డ్రాలే! అందరి దగ్గరా అంతే బలమైన ఇంజిన్లుంటే, అది చెప్పింది కాపీ కొట్టినవాడికి డ్రా తప్ప ఇంకేం దొరుకుతుంది? అయినా 32వ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ని జాన్ ఎడ్వర్డ్స్ గెలిచాడు. ఇంజిన్‌ని ఎటువైపు వెతకమనాలో, దాని మాట ఎక్కడ నమ్మకూడదో తేల్చుకునే పని ఇంకా మనిషిదే.

ఏఐ ఇచ్చిన కోడ్‌ని అలాగే చెక్-ఇన్ చేసే మనకీ ఇది వర్తిస్తుందనే నా అనుమానం. మీరేమంటారు?