లయ తప్పిన గుండెకు బొమ్మ తీయడం

పోయిన ఏడాది నాకు గుండె ఎం.ఆర్.ఐ. తీయించవలసి వచ్చింది. అప్పటికే నాడి లయ తప్పి కొట్టుకుంటోంది. డాక్టర్లు దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె కండరంలో ఎక్కడైనా మచ్చ పడిందేమో చూడాలన్నారు. ముప్పావుగంట ఆ గొట్టంలో పడుకుని, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టి బయటికి వస్తే, "బొమ్మలు చెదిరిపోయాయండీ, మీ గుండె కుదురుగా లేదు" అన్నాడు అక్కడి కుర్రాడు. కుదురుగా ఉంటే నేనిక్కడికి ఎందుకొస్తాను నాయనా అనుకున్నాను. ఆ మాట పట్టుకుని చదివి తెలుసుకున్న సంగతులే ఈ నాలుగు ముక్కలు.

ముందుగా మన టెలిఫోన్ శాఖవారికి నచ్చే విషయం. ఇ.సి.జి.కి ఆద్యుడైన విలెం ఐంథోవెన్ హాలెండులోని లైడెన్ నగరంలో ఆచార్యుడు. ఆయన యంత్రం మహా బరువైనది, ఆసుపత్రికి మోసుకుపోయేది కాదు. అందుకని 1905లో ఆసుపత్రిలోని రోగి గుండె సంకేతాన్ని టెలిఫోన్ తీగ మీద సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించారు! 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక ఎం.ఆర్.ఐ. 1973లో అమెరికాలో పాల్ లాటర్‌బర్, అయస్కాంత క్షేత్రంతో నీటి గొట్టాల బొమ్మ తీసి చూపారు. ఇంగ్లండులో పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ పద్ధతిని వేగవంతం చేశారు. 2003లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. తొలి రోజుల్లో ఒక్క బొమ్మకే నిమిషాలు పట్టేది. వెనుకటి ఫొటో స్టూడియోలో "కదలకండి" అనేవారు చూడండి, గుండెతో ఆ మాట ఎలా అనగలం?

1980లలో దీనికి ఉపాయంగా ఇ.సి.జి.ని యంత్రానికి జోడించారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఇ.సి.జి.లో పైకి లేచే మొన చూసి యంత్రం కొంత సమాచారం సేకరిస్తుంది. అలా అనేక స్పందనల ముక్కలు అతికి ఒక బొమ్మ చేస్తుంది. ప్రతి స్పందనా ఒకేలా ఉంటేనే ఇది కుదురుతుంది. మాబోటివాళ్ళ దగ్గర ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ముక్కలు అతకవు, బొమ్మ చెదురుతుంది. దీనికి తోడు, అయస్కాంత క్షేత్రంలో ప్రవహించే రక్తం తానే కొంచెం విద్యుత్తు పుట్టించి ఇ.సి.జి.లో కలుస్తుంది. మన భాషలో చెప్పాలంటే క్రాస్‌టాక్. యంత్రం దాన్నే అసలు మొన అని పొరబడవచ్చు.

వేళ తప్పిన స్పందనలను వదిలేసి మిగతావాటితో బొమ్మ కట్టడం ఒక మార్గం. దానివల్ల ఆలస్యమవుతుంది, ఊపిరి ఎక్కువసేపు బిగబట్టాలి. రెండోది, ముక్కల కోసం ఎదురుచూడకుండా జరుగుతున్నది జరుగుతున్నట్టే తీయడం. 2010లో జర్మనీలోని గోటింగెన్‌లో యెన్స్ ఫ్రామ్ బృందం ఒక్కో బొమ్మ సెకనులో యాభయ్యో వంతులో తీసి చూపింది. నునుపు కొంత తగ్గినా, లయతో నిమిత్తం లేదు.

పేస్‌మేకర్ ఉన్నవారికి ఒక మాట. చాలాకాలం వారిని ఈ యంత్రం దగ్గరికే రానిచ్చేవారు కాదు. ఎం.ఆర్.ఐ.కి తగిన పేస్‌మేకర్‌ను అమెరికాలో తొలిసారి 2011లో అనుమతించారు. అయినా లోపలికి వెళ్ళేముందు తప్పక చెప్పండి, కార్డు చూపండి.

నన్ను మూడు వారాల తర్వాత మళ్ళీ పిలిచి, ఈసారి రెండో పద్ధతిలో తీశారు. మచ్చ ఉంది, చిన్నదేనట. మందు మార్చారు. డాక్టరుగారు తెర మీద కదిలే గుండెను మా ఆవిడకు చూపించారు. ఆవిడ కాసేపు చూసి, "ఇదేమిటండీ, మీలాగే ఒకచోట నిలవదు" అంది.