ఎక్కనివ్వని ఓడ

సముద్రం అడుగును ఎవరూ చూసి గీయలేదు, విని గీశారు. ఓడ అడుగున అమర్చిన ఎకో సౌండర్ ఒక శబ్దాన్ని కిందికి పంపుతుంది. అది నేలను తాకి తిరిగి రావడానికి పట్టిన కాలంలో సగాన్ని నీటిలో శబ్దవేగంతో (సెకనుకి సుమారు 1500 మీటర్లు) గుణిస్తే లోతు తెలుస్తుంది. 1950ల అమెరికాలో ఆ ఓడలెక్కే హక్కు మగవాళ్ళది. వాళ్ళు తెచ్చిన అంకెల్ని ఒడ్డున కూర్చుని గీతలుగా మార్చే పని మేరీ థార్ప్‌ది.

యుద్ధానికి మగపిల్లలు వెళ్ళిపోయి క్లాసులు ఖాళీ అయ్యాకే మిషిగన్ విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్రంలోకి ఆడపిల్లల్ని పిలిచింది. మనకు తలుపులు ఎప్పుడు తెరుచుకుంటాయో చూడండి! అలా చదువుకున్న మేరీ 1948లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరింది.

1952లో ఆమె ఉత్తర అట్లాంటిక్‌ను అడ్డంగా కోసినట్టు ఆరు చిత్రాలు గీసి, ఒకదాని కింద ఒకటి పేర్చి చూసింది. నడిసముద్రపు కొండల వరుసలో శిఖరాలు ఒకదానితో ఒకటి కలవలేదు. నడినెత్తిన ఉన్న లోతైన గాడి మాత్రం కలిసింది. అంటే అక్కడ నేల రెండుగా విడిపోతోంది, ఖండాలు కదులుతున్నాయి. అప్పటి అమెరికన్ శాస్త్రవేత్తల్లో ఎక్కువమందికి ఆ మాటే గిట్టదు. సహచరుడు బ్రూస్ హీజెన్ ఆడవాళ్ళ కబుర్లని కొట్టిపారేశాడు. ఈ సంగతి మేరీయే తర్వాత రాసుకుంది.

నేను ఆగిపోయింది ఇక్కడే. ఓడ ఎక్కనివ్వరు. ఎక్కకుండానే కనిపెడితే కబుర్లంటారు.

ఆ గదిలోనే హవర్డ్ ఫాస్టర్ భూకంప కేంద్రాల్ని అదే కొలతలో గుర్తిస్తున్నాడు. రెండు పటాల్నీ కలిపి చూస్తే భూకంపాలు ఆ గాడి వెంటే ఉన్నాయి. హీజెన్ ఒప్పుకోవడానికి నెలలు పట్టింది. 1956లో ఆ గాడిని లోకానికి చెప్పిన పత్రంలో ఎవింగ్, హీజెన్ పేర్లున్నాయి, ఆమె పేరు లేదు.

అలాగని హీజెన్‌ని ప్రతినాయకుణ్ణి చేయలేను. 1977లో అతను చనిపోయేదాకా ఇద్దరూ కలిసే పనిచేశారు. కచ్చితమైన లోతుల్ని నౌకాదళం రహస్యంగా ఉంచడంతో, నీళ్ళు తోడేస్తే నేల ఎలా కనిపిస్తుందో అలా పటాలు గీశారు. నిషేధంలోంచే ఆ అందం పుట్టింది. 1964 నాటి హిందూ మహాసముద్ర పటం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. విశాఖ ఒడ్డున నిలబడి మనం చూసే బంగాళాఖాతం అడుగూ అందులో ఉంది.

మేరీ పరిశోధన ఓడ ఎక్కింది 1960ల్లోగాని కాదు. 2006లో చనిపోయింది. 2023లో అమెరికా నౌకాదళం తన సర్వే ఓడకున్న 'మోరీ' అనే పేరు తీసేసి 'మేరీ థార్ప్' అని పెట్టింది. బానిసత్వాన్ని నిలబెట్టేందుకు పోరాడిన దక్షిణాది పక్షంలో చేరిన నౌకాధికారి మోరీ. సముద్రం అడుగును సోనార్‌తో కొలవడం ఆ ఓడ పనుల్లో ఒకటి.